కాలవగట్టు బోరు నుంచి ఇంటిదాకా: మూడేళ్లు వాడిన కంప్రెషన్ ఫిట్టింగులు

మాది రాజోలు దీవిలో, మలికిపురం వైపు ఓ ఊరు. మా పెరట్లో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అదృష్టం కొద్దీ కాలవగట్టు పక్కన మాకు అరెకరం కొబ్బరితోట ఉంది. అక్కడ పాతిక అడుగుల్లోనే తియ్యటి నీళ్లు పడ్డాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీరు ఏళ్ల తరబడి ఇంకుతూ, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పల్చటి పొరలా నిలుస్తుంది. అత్యాశకి పోయి ఇంకా లోతుకి దించితే మళ్లీ ఉప్పే తగులుతుంది. అందుకే అక్కడితో ఆపేశాం.

ఆ బోరు నుంచి ఇంటికి 110 మీటర్లు. మా మామగారు వేయించిన జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు, ఉప్పు నేలలో తుప్పు పట్టి, పైకి తీస్తుంటే చేతిలోనే విరిగిపోయాయి. 2022లో వాటిని తీయించేసి, నీలం చారలుండే నల్ల పైపు, అదే హెచ్‌డీపీఈ, 32 ఎంఎంది వేయించాను. మా ఆయన కువైట్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్ పనిలో ఉంటారు. కాబట్టి కొనడం, దగ్గరుండి వేయించడం, లీకైతే మళ్లీ తవ్వించడం అన్నీ నేనే చూసుకున్నాను. ఈ పైపుని కలిపే కంప్రెషన్ ఫిట్టింగుల గురించి నేను తెలుసుకున్నది మొత్తం రాస్తున్నాను. మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఇప్పుడు ఇదే పైపుకి మారుతున్నారు, నేను పడ్డ టెన్షన్ వాళ్లు పడకూడదు.

ఈ పైపుకి సొల్యూషన్ అంటదు. పీవీసీకి రాసినట్టు ఎంత రాసినా ఎండాక ఊడి వచ్చేస్తుంది. రెండో దారి, పైపు చివర్లని వేడి పలక మీద కరిగించి అతికించడం. అది మంచి జాయింటే, కాదనను. కాకపోతే దానికి కరెంటు కావాలి, పైపు చివర్లు పొడిగా ఉండాలి. మా తోటలో రెండడుగులు తవ్విన గంటకే కందకంలో నీళ్లు ఊరుతాయి. పైగా ఒకసారి అతికించాక మార్చాలంటే కోయడమే. కంప్రెషన్ ఫిట్టింగుకి నిప్పూ కరెంటూ అక్కర్లేదు, కావాలంటే విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. అందుకే దీన్నే తీసుకున్నాను.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి కొన్నాను. షాపాయన నా ముందు రెండు రకాలు పెట్టాడు. రెండూ నల్ల బాడీ, నీలం నట్టు. చూడటానికి కవలపిల్లల్లా ఉన్నాయి. రెండో రకం ధర మాత్రం దాదాపు రెట్టింపు. "రెండూ ఒకటేనమ్మా, కంపెనీ పేరుకే ఆ రేటు" అన్నాడు. అక్కడే నిలబడి మా ఆయనకి వీడియో కాల్ చేశాను. "నట్లు విప్పించి లోపల చూపించు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఫిట్టింగు అంటే ఏంటో అర్థమైంది.

నట్టు విప్పితే లోపల మూడు వస్తువులుంటాయి. ఒకటి, ఒకచోట చీలిన తెల్లటి ఉంగరం. దాని లోపలి వైపు పళ్లుంటాయి. రెండోది ఒక బుష్, అంటే పైపు చుట్టూ కూర్చునే చిన్న ప్లాస్టిక్ కట్టు. మూడోది నల్లటి రబ్బరు రింగు. నట్టు బిగిస్తుంటే చీలిక ఉంగరం నొక్కుకుని దాని పళ్లు పైపుని కరుచుకుంటాయి. బుష్ వెళ్లి రబ్బరుని దాని గూట్లోకి తోస్తుంది. పైపు జారిపోకుండా పట్టుకునేది ఉంగరం. నీళ్లు కారకుండా ఆపేది రబ్బరు. రెండూ పైపు పైచర్మం మీదే పనిచేస్తాయి. లోపలి బోలుతో వాటికి సంబంధం లేదు. కొనేటప్పుడైనా బిగించేటప్పుడైనా మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

చవక రకంలో ఉంగరం పళ్లు వేలితో తడిమితే మొద్దుగా, అరిగిపోయినట్టున్నాయి. రబ్బరు గట్టిగా ఉంది, గోరు నొక్కితే దిగలేదు. ఖరీదు రకంలో పళ్లు గుచ్చుకున్నాయి, రబ్బరు నొక్కితే మెత్తగా లోపలికెళ్లి వెంటనే పైకి వచ్చింది. బాడీ మీద 32 అనీ పీఎన్ 16 అనీ అచ్చు స్పష్టంగా పడి ఉంది. అయినా డబ్బులు చూసుకుని సగం అవీ సగం ఇవీ తీసుకున్నాను. అది నేను చేసిన తప్పు.

పీఎన్ 16 అంటే 16 కేజీల ప్రెషర్‌కి తట్టుకుంటుందని. మన ఇళ్లకి అంత అవసరం రాదు. ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే దానివల్ల పడే ప్రెషర్ సుమారు ఒక కేజీ. మా లైనులో లీకైన ఏ జాయింటూ ప్రెషర్ ఎక్కువై లీకవ్వలేదు. బిగించిన తీరు వల్లే లీకయ్యాయి.

కొలత గురించి కాస్త వివరంగా చెప్పాలి, డబ్బులు పోయేది ఇక్కడే. నల్ల పైపుకి 20, 25, 32, 63 అని చెప్పేది బయటి కొలత. మందం ఎక్కువున్న పైపు తీసుకుంటే లోపలి బోలు తగ్గుతుందే గాని బయట 32 అలాగే ఉంటుంది. కాబట్టి పీఎన్ 6 పైపుకైనా పీఎన్ 10 పైపుకైనా అదే ఫిట్టింగు సరిపోతుంది. ఇంచుల్లో చెప్పే పైపుల సంగతి వేరు. షాపుల్లో "32 అంటే ఇంచు పైపేనండి" అంటారు. నీళ్ల లెక్కకి అది దగ్గరగానే ఉంటుంది, బిగించే లెక్కకి మాత్రం కుదరదు. ఇంచు జీఐ పైపు బయటి కొలత 33.7 ఎంఎం. ఇళ్లలో వాడే షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 రకం తెల్ల పైపు ఇంచుది 33.4. వేడినీళ్లకి వేసే సీపీవీసీ అరంగుళం పైపైతే సుమారు 16 ఎంఎమ్మే ఉంటుంది, 20 ఎంఎం ఫిట్టింగులో వదులుగా ఆడుతుంది.

మా ట్యాంకు దగ్గర ఇదే జరిగింది. పైకెక్కే తెల్ల పైపు ఇంచుది. దాన్ని 32 ఫిట్టింగులోకి దూర్చబోతే వెళ్లలేదు. ప్లంబర్ కుర్రాడు ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది దూర్చాడు. నాలుగో రోజుకల్లా గోడంతా తడి. అలాంటి చోట ఒకవైపు 32 కంప్రెషన్, రెండోవైపు ఇంచు మర ఉండే అడాప్టర్ పెట్టి, తెల్ల పైపు వైపు మర జాయింటు చేసుకోవాలి. ఆ అడాప్టర్లో లోపల మర ఉన్నదానికి జీఐ నిప్పల్ (రెండు చివర్లా మర ఉండే పొట్టి ఇనుప గొట్టం) బిగించాల్సి వస్తే, మూతి చుట్టూ ఇనుప పట్టీ ఉన్నదే అడగండి. పట్టీ లేనిదైతే ఇనుము బిగుసుకునే కొద్దీ ప్లాస్టిక్ నిలువునా చీలుతుంది. వీలైతే బయట మర ఉన్న ప్లాస్టిక్ అడాప్టర్ కొని ఇనుప సాకెట్‌లోకి బిగించడమే క్షేమం.

ఎల్బోల విషయం, అంటే పైపుని మూల తిప్పే ఫిట్టింగుల విషయం కూడా చెప్పాలి. ప్లంబర్ చీటీలో 5 రాశాడు. నల్ల పైపు దానంతటదే వంగుతుంది కదా, మూడడుగుల చుట్టు తిప్పుకునే జాగా ఉన్నచోట ఎల్బో ఎందుకు? రెండింటితో సరిపోయింది. జాయింటు ఎన్ని తగ్గితే మనసుకి అంత నిమ్మళం. వంపు వచ్చేచోటే జాయింటు పెట్టొద్దు. పైపు పక్కకి లాగుతూ ఉంటే రబ్బరు ఒకవైపే నొక్కుకుంటుంది, రెండోవైపు నుంచి నీరు తొంగిచూస్తుంది.

ఇక రాత్రి పది గంటలకి ఊడిన కప్లింగ్ గురించి. పైపు చుట్ట 100 మీటర్లే కాబట్టి తోట మధ్యలో ఒక కప్లింగ్, అంటే రెండు పైపు ముక్కల్ని కలిపే ఫిట్టింగు, తప్పలేదు. మొదటిరోజు బాగానే నడిచింది. రెండోరోజు రాత్రి మోటారు వేస్తే ట్యాంకులో చప్పుడు లేదు. టార్చి పట్టుకుని తోటలోకి వెళ్తే నీళ్లు పాదాల దాకా. పైపు కప్లింగులోంచి పూర్తిగా బయటికొచ్చేసింది. పొద్దున్నే ఆ కుర్రాడు వచ్చి, "అక్కా, నేను గట్టిగానే బిగించానండి, చూడండి రెంచి గుర్తులు" అన్నాడు. నిజమే, అబద్ధం చెప్పలేదు. నట్టు మీద రెంచి పళ్ల గాట్లున్నాయి, సన్నటి పగులు కూడా ఉంది. మరలకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టాడు. పైపు చివర చూస్తే హాక్సా బ్లేడుతో ఏటవాలుగా కోసి ఉంది. లోపలిదాకా వెళ్లనే లేదు. రబ్బరు దగ్గర తట్టుకుని ఆగితే అదే చివర అనుకున్నాడు. ఉంగరం పళ్లకి దొరికింది అరంగుళం పైపే.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. జీఐ పని నేర్చుకున్న చేయి అది. జీఐకి బిగింపే ప్రాణం, టేపు తప్పనిసరి. దీనికి నట్టు మర మీద టేపు చుట్టకూడదు, నీళ్లని ఆపేది ఆ మర కాదు. టేపు చుడితే నట్టు చివరిదాకా వెళ్లిందన్న భ్రమ కలుగుతుంది తప్ప ఉంగరం సరిగ్గా నొక్కుకోదు. టేపు కావాల్సింది అడాప్టర్‌కి రెండోవైపు ఉన్న పైపు మరకి మాత్రమే.

ఆరోజు మా ఆయన శెలవు పెట్టి మరీ ఫోన్‌లో కూర్చున్నారు. "మేం ఇక్కడ రాగి పైపుకి వేసే ఇత్తడి ఉంగరం ఒకసారి నొక్కితే పైపుని పట్టుకుని ఉండిపోతుంది, మళ్లీ ఊడిరాదు. మనది అలా కాదు, విప్పి చూసుకోవచ్చు. కంగారుపడకు, మొత్తం విప్పించు" అన్నారు. ఆయన చెబుతుంటే కుర్రాడూ నేనూ కలిసి చేశాం. పైపుని చదరంగా కోశాం. పదునైన అంచుని కత్తితో చుట్టూ ఏటవాలుగా చెక్కాం, లేకపోతే ఆ అంచే రబ్బరుని కోసేస్తుంది. ఫిట్టింగు లోపల ఎంత లోతుందో పైపుని పక్కన పెట్టి చూసుకుని, అక్కడ తెల్ల పెయింటుతో గీత గీశాం. ముందు నట్టు, తర్వాత ఉంగరం తొడిగాం. ఉంగరం సన్నటి వైపు నట్టు వైపుకి, వెడల్పు వైపు బాడీ వైపుకి ఉండాలి. తిరగేస్తే పట్టు ఉండదు. సరిగ్గా పెడితే నీటి ప్రెషర్ పైపుని బయటికి లాగే కొద్దీ ఉంగరం నట్టులోని సన్నటి దారిలోకి జరిగి ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. పైపు చివర సబ్బునీళ్లు రాసి తిప్పుతూ తోస్తే రబ్బరు దాటేటప్పుడు ఒకసారి గట్టిగా అడ్డుతుంది, దాటాక మెత్తగా జారి అడుగుకి తగులుతుంది. గీత కనపడకుండా పోవాలి. అప్పుడు నట్టు చేత్తో బిగించి, చివర్లో పట్టీ రెంచితో కాస్త తిప్పితే చాలు. ఆ కుర్రాడు రెండోది తనే చేసి, "ఆయ్, ఇప్పుడు తెలిసిందక్కా, లోపలికెళ్లినట్టు చేతికే తెలుస్తుంది" అన్నాడు. ఇప్పుడు మా మండలంలో నల్ల పైపు పనంటే అతన్నే పిలుస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

పైపు మీద గీతలు చూసుకోండి. చుట్టని రోడ్డు మీద ఈడ్చుకొస్తే పొడుగునా గాడి పడుతుంది. రబ్బరు కింద ఆ గాడి వచ్చిందంటే ఎంత బిగించినా దాంట్లోంచి నీరు వస్తుంది. ఆ ముక్క కోసి పారేయడమే. చుట్ట చివర కోడిగుడ్డులా నొక్కుకుని ఉంటే అదీ కోసేయాలి. వేయడానికి ముందు చుట్ట విప్పి ఒక పూట ఎండలో పరిస్తే వంకర తగ్గి, చేతికి లొంగుతుంది. అలాగని ఎండలో వేడెక్కి సాగిన పైపుని అప్పటికప్పుడే టైట్‌గా లాగి బిగించొద్దు. 30 డిగ్రీల తేడా వస్తే 10 మీటర్ల పైపు సుమారు రెండంగుళాలు పెరిగి తగ్గుతుంది. సాయంత్రం చల్లబడ్డాక, కందకంలో కాస్త పాములా వదులుగా పరిచి బిగించాం.

పూడ్చేముందు ఒక రాత్రంతా నీళ్లు నింపి ఉంచాను. పొద్దున ప్రతి జాయింటూ గుడ్డతో తుడిచి, పొడి న్యూస్‌పేపర్ ముక్క చుట్టి చూశాను. చవక రకంలో ఒకదానికి కాగితం తడిసింది. మిగిలిన చవకవి కూడా అప్పుడే తీసి మార్చేశాను. జాయింట్ల చుట్టూ ఇసుక పోశాం. మా తోటలో కాలవ వైపు జిగురుమట్టి ఉంది. ఎండాకాలంలో అది బీటలు తీసి గడ్డకట్టి, పైపుని పక్కకి లాగుతుంది. పందికొక్కులు కొరుకుతాయన్న భయంతో షెడ్డు దగ్గర మాత్రం పైపు మీద పెంకు ముక్కలు కప్పాం.

మోటారుకి నీళ్లు లాగే వైపు మాత్రం నేను ఈ ఫిట్టింగు పెట్టి ఇబ్బంది పడ్డాను. అక్కడ నీళ్లు కారవు, గాలి లాగుతుంది. బయటికి అంతా పొడిగా కనిపిస్తుంది, మోటారేమో నీళ్లు ఎత్తదు. లాగిన నీళ్లు కిందికి జారిపోకుండా పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు పోయిందనుకుని మార్చాం, అయినా అంతే. చివరికి చూస్తే ఎల్బోలో రబ్బరు మెలితిరిగి ఉంది. కొత్త రబ్బరు వేశాక ఆ బాధ పోయింది. ఆ వైపు పెట్టాల్సి వస్తే అన్నిటికన్నా మంచి ఫిట్టింగు అక్కడ పెట్టండి. అసలు అక్కడ జాయింటే లేకుండా ఒకే పైపు దించితే ఇంకా మంచిది.

మూడేళ్లయింది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పొదుపుగా తోడుకుంటాం, మిగతా రోజులన్నీ మోటారు రెండు పూటలా నడుస్తుంది. మార్చాక ఒక్క జాయింటు కూడా కారలేదు. ఖరీదు రకానికి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది రబ్బరు రింగులు విడిగా అమ్మరని. ఫిట్టింగు మొత్తం కొనమంటారు. పాలకొల్లులో నాలుగు షాపులు తిరిగితే ఒకాయన దయతలిచి పాత స్టాకులోంచి తీసిచ్చాడు.

పోయిన నెల పశువుల పాకని తూర్పు వైపుకి మార్చాం. దానికెళ్లే టీ ఫిట్టింగుని (మూడు మూతులు ఉండేది) విప్పి పన్నెండడుగుల అవతల మళ్లీ పెట్టాం. ఉంగరం పళ్లు కొత్తగా కొన్నప్పటిలాగే వేలికి గుచ్చుకున్నాయి. రబ్బర్లు మాత్రం మూడూ మార్చాను. మిగిలిన రెండు రబ్బర్లు కవర్లో వేసి మోటారు షెడ్డులో మేకుకి తగిలించాను.