బైపాస్ అయ్యాక తిరుపతిలో రూమా, నేరుగా ఊరికా?

మా నాయనకు తిరుపతిలో గుండెకు బైపాస్ ఆపరేషన్ అయింది, 8వ రోజు డిశ్చార్జ్ అన్నారు. ఇక ఆ పూట నుంచి ఇంట్లో ఒకటే వాదన. ఆస్పత్రికి దగ్గరగా అలిపిరి రోడ్డు వైపు రూము తీసుకుని వారం పది రోజులు ఉండటమా, కారు మాట్లాడుకుని పలమనేరు పక్క మా ఊరికి వెళ్లిపోవడమా? అమ్మ ఊరికే అంది. నేను రూమన్నాను.

అమ్మ మాటా తప్పు కాదు. ఇంటి తిండి, రూము బాడుగ మిగులు, రాత్రిళ్లు కాపలాకు మనిషి మారొచ్చు. కానీ మా ఇంట్లో ఉన్నది నులక మంచం. రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగలతో కట్టి ఉంటారు, అది బాగా అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, అందాకా చేతులు ఊని లేవకూడదు, 4–5 కిలోలు మించి ఎత్తకూడదు. కుంగిన నులకలోంచి చేతులు ఊనకుండా లేవండి చూద్దాం! పైగా కింద కూర్చునే మరుగుదొడ్డి.

ఇంకోటి చుట్టాలు. ఊళ్లో అయితే పరామర్శకు వచ్చేవాళ్లకు అంతుండదు, అందులో ఒకరికైనా దగ్గుంటుంది, పక్కన కూర్చుని బీడీ ముట్టించేవాళ్లూ ఉంటారు. రూములో ఎవరూ రారు, పొద్దుపోక నాయన ఆపరేషన్‌కు ముందే నేర్పిన మూడు బంతుల డబ్బా (ఊపిరితిత్తుల కసరత్తుకు ఇచ్చేది) పట్టుకుని గంటకోసారి గాలి పీల్చేవాడు. దగ్గొస్తే దిండు గుండెకు అదుముకునేవాడు. బైపాస్ కోసం కాలి నరం తీసిన చోట కొంచెం చెమ్మగా ఉందని అనుమానమొస్తే ఆటోలో పోయి చూపించుకొచ్చాం. అదే ఊరైతే జ్వరమో, గాయంలో చీమో, ఎముక దగ్గర టకటకమనడమో కనిపించినా 'రేపు చూద్దాంలే' అంటారు.

రూముకు లోటు లేదనను. హోటల్ సాంబారులో ఉప్పు మన చేతిలో ఉండదు, బ్రహ్మోత్సవాలప్పుడైతే రూము దొరకడమే గగనం. మీ ఇల్లు తిరుపతికో చిత్తూరుకో దగ్గరగా ఉండి, గట్టి మంచం, కమోడ్, వచ్చినవాళ్లను గడప దగ్గరే ఆపే మనిషి ఉంటే ఇల్లే మేలు. మాకు మూడూ లేవు. అందుకే కుట్లు విప్పేదాకా రూములో ఉండి, ఆ లోపు మా తమ్ముడితో ఇంట్లో చెక్క మంచం వేయించాం.

ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాం. అలిపిరి మెట్లెక్కే మొక్కు సంగతి డాక్టర్ సరేనన్నాకే అన్నాం, దానికి నాయన ఊరుకున్నాడు. నీళ్ల బిందె ముట్టనివ్వడం లేదని మాత్రం రోజూ అమ్మ మీద సణుగుతున్నాడు.