అమ్మ డయాలసిస్, ఆరోగ్యశ్రీ కార్డు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

ఆరోగ్యశ్రీ 2007లో మొదటగా వచ్చిన మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. మాకు దాని అవసరం పడింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, అమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాక. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్, సారికి నాలుగు గంటలు. ఇంతవరకు దానికి మేం ఒక్క బిల్లూ కట్టలేదు. ఈ ఒక్క సంగతి లేకపోతే ఉన్న ఎకరం పొలం ఎప్పుడో పోయేది.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్తే అప్రూవల్ సంగతి వాళ్లే చూసుకుంటారు. ఇబ్బందల్లా వేలిముద్రతోనే. పత్తి ఏరి ఏరి అమ్మ వేళ్లు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి బొటనవేలు, అది పడకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే రెండో చెయ్యి. వెనక లైన్లో వాళ్లు గొణుగుతుంటారు. మా సెంటర్‌లో ఉన్న ఆరోగ్యమిత్ర ఓపికమంతురాలు కాబట్టి నెట్టుకొస్తున్నాం.

ఇక కార్డు చూడని ఖర్చులు. రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్ సెంటర్‌లో ఉంటే వేస్తారు, లేదంటే చీటీ రాసి బయట తెచ్చుకోమంటారు. బీపీ గోళీలు, మధ్యమధ్యలో పరీక్షలు, జ్వరమొస్తే ఓపీ, అన్నీ మన జేబులోంచే. తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. మహిళా సంఘంలో బర్రె కోసమని తీసుకున్న లోన్ మందులకే అయిపోయింది. కిస్తీ మాత్రం నెలనెలా కడుతున్నాం. మా వాడలో ఇలాంటి ‘బర్రెలు’ ఇంకో రెండు మూడు ఇళ్లలో ఉన్నాయి!

2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. అదే రోజు ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం కూడా మొదలైంది. పది లక్షల మాట టీవీలో బాగానే ఉంది కానీ మాకు ఐదు లక్షలే ఎన్నడూ దాటలేదు. అమ్మకి అక్కరకొచ్చింది బస్సే. వారంలో మూడు రోజులు ఇద్దరం పోయిరావాలి కదా, ఆ ఛార్జీలు మిగులుతున్నాయి. డయాలసిస్ వాళ్లకిచ్చే 2016 రూపాయల పెన్షన్ ఇంజెక్షన్లకి, గోళీలకి సరిపోతే ఎక్కువ. నన్నడిగితే పరిమితి ఇంకా పెంచేకన్నా ఆ మందులేవో సెంటర్‌లోనే ఖాయంగా దొరికేలా చూడాలి.

ప్రభుత్వం నుంచి బకాయిలు రావట్లేదని 2025లో ఆరోగ్యశ్రీలో ఉన్న ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామన్నప్పుడు మాత్రం నిద్ర పట్టలేదు. హెర్నియా ఆపరేషనైతే ఓ వారం ఆగుతుందేమో. అమ్మకి ఒక్కసారి తప్పినా కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఆయాసం. పొద్దున్నే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) మీద చెయ్యి పెట్టి, లోపల జుమ్మని కొట్టుకుంటోందా లేదా చూసుకునే మనిషికి ఈ బకాయిల గొడవ ఏమని చెప్పాలి? మా సెంటర్ ఆగలేదు కానీ టెన్షన్ మాత్రం తప్పలేదు.

కొత్తగా చేరేవాళ్లు పెన్షన్‌కి వెంటనే దరఖాస్తు పెట్టుకోండి. ఇంజెక్షన్ స్టాకు గురించి మొదటి రోజే అడగండి, ఏదైనా తేడా వస్తే 104కి ఫోన్ చేయండి. షిఫ్ట్ ఎంచుకోనిస్తే పొద్దుటిదే అడగండి. రాత్రి షిఫ్ట్ అయిందంటే మిషన్ దిగేసరికి మా ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. వారమంతా బస్సులో మిగిలిన డబ్బులు ఆ ఒక్క ఆటోకే ఇచ్చుకోవాలి.