పాత ఎంజీబీ ముందు బ్రేకులు: లేత్ పట్టించాలా, కొత్తవి వేయాలా?

చక్రం విప్పగానే డిస్కు మీద గాట్లు కనిపిస్తాయి, అంచు వెంట గోటికి తగిలే గట్టు ఉంటుంది. పాత కారు ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. అప్పుడు తేల్చుకోవాల్సినవి మూడు. డిస్కును లేత్ పట్టించి నునుపుగా చెక్కించాలా, కొత్తది కొనాలా? ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌ను సీళ్ల కిట్ వేసి బాగుచేసుకోవాలా, పాతది మార్పిడికి ఇచ్చి, బాగుచేసి అమ్మే యూనిట్ తెచ్చుకోవాలా? బ్రేక్ ఆయిల్ మామూలుదా, సిలికాన్‌దా?

1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకుందాం. ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి, చాలా భాగం అమెరికాకే వెళ్లాయి. అక్కడ స్థిరపడి పాత కారు మీద మోజు పడే మనవాళ్లకు చేతికందే బండ్లలో ఇదొకటి. ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. కాలిపర్ కదలని రకం, అటూ ఇటూ ఒక్కో పిస్టన్. వీ8 ఇంజిన్ ఉన్న జీటీకి డిస్కూ కాలిపర్ వేరు. కింద చెప్పే కొలతలు దానికి వర్తించవు.

డిస్కు: ముందు మైక్రోమీటర్ పట్టండి

కొత్త డిస్కు మందం సుమారు 8.9 మి.మీ., అరిగినా 7.6 మి.మీ. కంటే తగ్గకూడదు. అంటే రెండు వైపులా కలిపి మన చేతిలో ఉన్నది 1.3 మి.మీ. మాత్రమే. మామూలు వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు అంచు గట్టు మీద కూర్చుని, అరగని మందాన్ని చూపిస్తాయి. మైక్రోమీటర్ లేకపోతే ఒకే రకం నాణేలు రెండు తీసుకుని, అరిగిన చోట అటొకటి ఇటొకటి ఆనించి కొలవండి. వచ్చినదాంట్లోంచి రెండు నాణేల మందం తీసేస్తే సరి.

ఇప్పుడు లెక్క చూడండి. డిస్కు 8.4 ఉంది, గాటు లోతు ఒక్కో వైపు 0.3. నునుపుగా రావాలంటే రెండు వైపులా కలిపి 0.6 కంటే కాస్త ఎక్కువే చెక్కాలి. మిగిలేది 7.8 లోపు, హద్దుకు 0.2 మి.మీ. కూడా దూరం ఉండదు. లేత్ ఖర్చు పెట్టి కొన్న ఆయుష్షు అంతే. పైగా పలచబడ్డ డిస్కులో వేడిని పట్టుకునే ఇనుము తక్కువ. కొండ దిగేటప్పుడు తొందరగా కాగుతుంది, ఆ వేడి కాలిపర్‌లోని ఆయిల్‌కు చేరుతుంది.

కాబట్టి చెక్కాక కనీసం 0.5 మి.మీ. మిగులు ఉంటేనే లేత్ వైపు చూడాలి. ఎంజీబీ డిస్కులు సులువుగా, చవగ్గా దొరుకుతాయి గనక ఈ కారుకు కొత్త జతే మేలు. డిస్కు దొరకని అరుదైన కార్లకు మాత్రం లేత్ ఒక్కటే దారి. అప్పుడు డిస్కును విడిగా కాకుండా, చక్రాన్ని మోసే హబ్‌తో సహా బిగించి, బేరింగ్ కప్పుల ఆధారంగా మధ్యకు తెచ్చి, ఒకే బిగింపులో రెండు ముఖాలూ చెక్కించాలి. విడివిడిగా తిప్పి చెక్కితే రెండు ముఖాలూ సమాంతరంగా రావు. పెడల్ కొట్టుకోవడానికి డిస్కు వంగడమే కారణమని చాలామంది అంటారు. ఎక్కువసార్లు అసలు దోషం మందంలో హెచ్చుతగ్గులు. చుట్టూ తిరిగేసరికి మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా వచ్చినా కాలికి తెలిసిపోతుంది. డిస్కు చుట్టూ ఆరు నుంచి ఎనిమిది చోట్ల మందం కొలిచి రాసుకుంటే ఈ సంగతి అక్కడే తేలుతుంది.

లేత్ అయినా కొత్తదైనా హబ్ ఊడదీయక తప్పదు, డిస్కు దానికి వెనక నుంచి బోల్టులతో బిగించి ఉంటుంది. ఇంటి పనిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. రెండు బేరింగుల మధ్య ఎడం ఉంచే ఒక స్పేసరూ, సందు సరిచేసే పలచటి రేకులు, అంటే షిమ్ములూ ఉంటాయి. వాటిని పోగొట్టుకోవద్దు, ఎడమ చక్రానివి కుడికి కలపొద్దు. స్పేసర్ అక్కర్లేదని తీసేసి నట్టును చేతి అంచనాతో వదిలేసేవాళ్లున్నారు. ఆ స్పేసర్ బిగిసి ఉండబట్టే హబ్‌ను మోసే ఇరుసుకు, అంటే స్టబ్ యాక్సిల్‌కు గట్టితనం. గ్రీసు లేకుండా పొడిగా బిగించి, చిన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్‌తో హబ్ ముందుకూ వెనక్కూ ఎంత ఆడుతోందో చూడండి: 0.05 నుంచి 0.10 మి.మీ. ఉండాలి. ఎక్కువ ఆడితే షిమ్ము తీయాలి, పట్టేస్తే కలపాలి. నట్టు 54 నుంచి 95 న్యూటన్ మీటర్ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ వెసులుబాటు, నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ రంధ్రం కలవడానికే. రంధ్రం కోసం నట్టును వెనక్కి తిప్పొద్దు, ముందుకే తిప్పండి.

కొత్త డిస్కు పెట్టే ముందు హబ్ ముఖం మీది తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకాలి. అక్కడ చిన్న తుప్పు పెచ్చు ఉన్నా డిస్కు అంచు దగ్గర అది పెద్ద ఊపుగా మారుతుంది. డిస్కు బోల్టులు, కాలిపర్ బోల్టులు రెండూ 54 నుంచి 61 న్యూటన్ మీటర్లు. బిగించాక అంచుకు దగ్గరగా డయల్ గేజ్ పెట్టి తిప్పండి. డిస్కు పక్కలకు ఊగడం తయారీదారు చెప్పిన హద్దు దాటితే దాన్ని హబ్ మీద ఒక బోల్టు జరిపి మళ్లీ చూడండి. కొత్త డిస్కు గదా అని ఈ మెట్టు దాటేయొద్దు. డిస్కు మీది రక్షణ నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవడం కూడా మరవొద్దు.

కాలిపర్: పాతదే మేలు

డిస్కు విషయంలో కొత్తదానికి ఓటేసినా ఇక్కడ తీర్పు తిరగబడుతుంది. మార్కెట్లో మార్పిడి కింద దొరికే కాలిపర్‌కు పైపూత తళతళలాడుతుంది, లోపల ఏ పిస్టన్ వేశారో, సీల్ గాడి శుభ్రం చేశారో లేదో విప్పితే తప్ప తెలియదు. మీ చేతిలో ఉన్నది అసలు పోత. చాలాసార్లు దానికి కావాల్సింది ఆయిల్ ఆపే రబ్బరు సీళ్లు, పిస్టన్లే.

ఒక సంగతి తెలిస్తే భయం సగం పోతుంది. వెనక చక్రాల సిలిండర్లో గోడ మీద సీలు జారుతుంది, గోడ గీరుకుంటే ఆ సిలిండర్ పనికిరాదు. డిస్కు కాలిపర్లో సీలు గోడలోని గాడిలో కూర్చుని ఉంటుంది, దానిమీద జారేది పిస్టన్. అందుకే సిలిండర్ గోడకు కాస్త తుప్పు మచ్చలున్నా నష్టం లేదు. పిస్టన్ క్రోమ్ పొర మీద సూది మొనంత గుంట పడినా కారుతుంది. పాత పిస్టన్‌ను ఎమెరీతో రుద్ది పెట్టడం వృథా. స్టెయిన్‌లెస్ స్టీలువి వేస్తే మళ్లీ తుప్పు ఊసు ఉండదు.

పిస్టన్ బయటికి తీయడానికి సులువైన దారి కారు బ్రేకే. పైపు విప్పకముందే ప్యాడ్లు తీసి, ఒక పిస్టన్‌ను సీ క్లాంపుతో పట్టి, పెడల్ మెల్లగా తొక్కితే రెండోది వస్తుంది. రెండింటినీ దాదాపు బయటికి తెచ్చాకే పైపు విప్పాలి. ఒకటి పూర్తిగా ఊడితే ఒత్తిడంతా అటే పోయి రెండోది కదలదు. కంప్రెసర్ గాలితో తోస్తే పిస్టన్ తూటాలా వస్తుంది, వేళ్లు జాగ్రత్త. మధ్యలో చెక్క దిమ్మ లేకుండా ఆ పని చేయొద్దు. తీసే ముందు ఫొటో తీసుకోండి. కొన్ని పిస్టన్ల ముఖం ఒక పక్క చెక్కి ఉంటుంది, తిరిగి అదే దిక్కుకు రావాలి.

కాలిపర్ రెండు సగాలనూ విడదీయొద్దని తయారీదారు మాట. విడదీయకుండానే సీళ్లు మార్చొచ్చు. విడదీసినవాళ్లు మధ్య దారిలోని చిన్న రబ్బరు రింగు కొత్తది వేసుకుని తీరాలి.

మనవైపు గ్యారేజీల్లో ఏది విప్పినా పెట్రోలులోనో కిరసనాయిలులోనో ముంచడం అలవాటు. బ్రేకులకు అది విషం. పేరుకు బ్రేక్ ఆయిల్ అంటాం గానీ దాని మామూలు రకాలైన డాట్ 3, డాట్ 4లలో ఖనిజ నూనె ఉండదు. ఆ ద్రవానికి తగ్గట్టు చేసిన రబ్బరు పెట్రోలు, గ్రీసు తగిలితే ఉబ్బిపోతుంది. కడగడానికి బ్రేక్ క్లీనర్ గానీ స్పిరిట్ గానీ వాడండి. సీల్ గాడిని చెక్క పుల్లతో గీకండి, ఇనుప మొనతో కాదు. కొత్త సీలుకు తాజా బ్రేక్ ఆయిల్ గానీ బ్రేకులకని అమ్మే ఎర్ర రబ్బరు గ్రీసు గానీ పూసి, పిస్టన్‌ను నిటారుగా చేత్తోనే నొక్కండి. చేత్తో పోకపోతే సీలు మడతపడినట్టే, సుత్తి తీయొద్దు. ఈ సీలు చేసేది ఆయిల్ ఆపడం ఒక్కటే కాదు. పెడల్ తొక్కినప్పుడు సాగి, వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేదీ అదే. గట్టిపడ్డ సీలు లాగదు, ప్యాడ్ డిస్కుకు రాసుకుంటూనే ఉంటుంది.

కాలిపర్ పట్టేసిందని తేల్చే ముందు ఒక పరీక్ష చేయండి. చక్రం పట్టేసి ఉండగా, కాలిపర్ మీద గాలి వదలడానికి ఉండే బ్లీడ్ నిపుల్ వదులు చేయండి. చక్రం వెంటనే తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుంది, దోషం రబ్బరు గొట్టంలోనో, పెడల్ దగ్గర ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది. అప్పటికీ తిరగకపోతేనే పిస్టన్ బిగిసినట్టు. పాత రబ్బరు గొట్టం లోపల పొరలూడి, ఆయిల్‌ను పోనిచ్చి తిరిగి రానివ్వదు. కాలిపర్ బాగుచేసి ఆ గొట్టాన్ని వదిలేస్తే శ్రమ వృథా.

మార్పిడి కాలిపర్ ఎప్పుడు కొనాలి? పోత పగిలితే, సీల్ గాడి తుప్పుకు తిని ఉంటే, బ్లీడ్ నిపుల్ లోపలే విరిగి తీయలేకపోతే. తెచ్చాక ఎడమ, కుడి చూసుకోండి. నిపుల్ పైకి ఉండాలి. తారుమారైతే నిపుల్ కిందికి పోతుంది, గాలి పైనే నిలిచిపోతుంది, ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

బ్రేక్ ఆయిల్: డాట్ 4 చాలు

పాత కార్లవాళ్లు సిలికాన్ డాట్ 5ను ఇష్టపడటానికి కారణం ఉంది. అది రంగు పెయింటును తినదు, గాలిలోంచి తేమ పీల్చదు. డాట్ 4 ఒలికితే గంటల్లో పెయింటు ఉబ్బి ఊడుతుంది. తేమ పీల్చే కొద్దీ దాని మరుగు స్థాయి పడిపోతుంది: ప్రమాణం ప్రకారం తాజాగా కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 155. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఏడాది పొడవునా గాలి తేమగా ఉంటుంది గనక రెండేళ్లకొకసారి మార్చడం మరవకూడదు.

అయినా డాట్ 4నే ఎంచుకోమంటాం. సిలికాన్ తేమ పీల్చదు గనకనే లోపలికి చేరిన నీరు విడిగా అడుగున, అంటే కాలిపర్‌లోనే నిలుస్తుంది. అక్కడ తుప్పు మొదలవుతుంది, 100 డిగ్రీలకే ఆవిరి అవుతుంది. పోసేటప్పుడు సన్నటి బుడగలు పట్టి వెంటనే వదలవు, పెడల్‌కు కాస్త స్పాంజి గుణం వస్తుంది. సీసా ఊపితే ఇంకా కష్టం. పాతదాన్ని పూర్తిగా కడిగి, సీళ్లన్నీ మార్చకుండా సిలికాన్ పోయకూడదు, రెండూ కలవవు. ఏడాదికి రెండుసార్లు తీసి, మిగతా కాలమంతా కవరు కింద నిలబెట్టే కారుకు మాత్రం సిలికాన్ ఆలోచించదగ్గదే. డాట్ 5.1ను దీనితో పొరబడొద్దు. పేరు దగ్గరే గానీ అది డాట్ 4 జాతిదే.

ప్యాడ్ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. కాలి ఒత్తిడిని పెంచే సర్వో లేని ఎంజీబీకి గట్టి రేసింగ్ ప్యాడ్లు వేస్తే చల్లగా ఉన్నప్పుడు కాలు నొప్పెడుతుంది, బండి ఆగదు. వీధి వాడకానికి మెత్తటి రకమే వేయండి. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దుమ్మును గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడవండి. జాకీ మీదే వదిలి చక్రం దగ్గర కూర్చోవద్దు, కింద స్టాండు ఉండాలి.

అన్నీ బిగించాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా పది పదిహేనుసార్లు తొక్కండి. పిస్టన్లు ఇంకా లోపలే ఉంటాయి గనక మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది. ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు తగ్గిస్తూ పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ నడపండి. డిస్కు వేడిగా ఉండగా పూర్తిగా ఆగి పెడల్ నొక్కి ఉంచొద్దు. ప్యాడ్ అచ్చు ఒకే చోట అంటుకుంటే కొత్త డిస్కు కూడా మళ్లీ పాతదానిలాగే కొట్టుకుంటుంది.