పిల్లల సెలవుల నాటకానికి డబ్బు కడుతున్నారా? ముందు మా నలుగురు ప్రహ్లాదుల సంగతి చదవండి

సంక్రాంతి సెలవుల్లో పిల్లల చేత నాటకం వేయిస్తామంటూ విశాఖలో మళ్లీ కరపత్రాలు తిరుగుతున్నాయి. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోకి నిన్న ఒకటి వచ్చింది. అడుగున ఉన్న ఫోను నంబరు చూడగానే గుర్తుపట్టాను. దసరా సెలవుల్లో మా దగ్గర 15,150 రూపాయలు రాబట్టిన నంబరు అదే. సంస్థ పేరు మాత్రం కొత్తది. ఇన్నాళ్లూ పోనీలే అనుకుని ఊరుకున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా పండగకొక పేరు పెట్టుకునేవాళ్ల పేరు తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు. వాళ్ల పద్ధతి మాత్రం మారదు, అది తెలిస్తే చాలు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఇంట్లో నాటకాల పిచ్చికి మూలపురుషుడు మా మామగారు. ఆయనది విజయనగరం దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే లోహితాస్యుడు ఆయనే. పాము కరిచి పడిపోవడం ఎలాగో ఇప్పటికీ మా హాల్లో సోఫా మీద పడి చూపిస్తారు. 78 ఏళ్ల మనిషి అలా దభీమని పడుతుంటే మాకు గుండె ఆగినంత పని, మనవరాలికి పండగ. అలాంటి ఇంటికి దసరా సెలవుల్లో బాలల పౌరాణిక నాటకం, ప్రహ్లాదుడి కథ అంటూ రంగుల కరపత్రం వచ్చింది. ఆ సాయంత్రమే ఫోను చేశాము.

ఫోనులో నిర్వాహకుడు ఎంత మర్యాదగా మాట్లాడారో చెప్పలేను. పాప చేత రెండు వాక్యాలు చెప్పించుకున్నారు. ఒక్క క్షణం ఆగి, "అమ్మా, వారం రోజులుగా వెతుకుతున్నాను. నాకు ప్రహ్లాదుడు దొరికాడు" అన్నారు. ఆ మాటకు నేనేం పొంగిపోయానో! రుసుము 6,500 అన్నారు. అన్ని ఖర్చులూ అందులోనే కదా అని అడిగాను. "అన్నీ అందులోనేనమ్మా" అన్నారు. నోటిమాటే, కాగితం లేదు. కరపత్రం మీద ఒక ట్రస్టు పేరుంటే డబ్బు వెళ్లింది మరెవరో వ్యక్తి ఖాతాకు. పంపే ముందు ఆ పేరు నా ఫోనులో కనిపించింది కూడా. చూసే పంపాను.

మొదటి వారం నిజంగా బాగుంది. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఒక అపార్టుమెంటు సెల్లారులో సాయంత్రాలు రిహార్సల్. నేర్పడానికి వచ్చింది నాటక కళ చదువుకున్న ఒక కుర్రవాడు. పద్యం నేర్పే ముందు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పాడు. "చివరి వరుసలో మీ అమ్మమ్మ కూర్చుంది. ఆవిడకు సరిగా వినబడదు, కానీ అరిస్తే కోపం వస్తుంది. ఆవిడ కోసం చెప్పండి" అనేవాడట. మా పాప ఇంటికి వచ్చి తాతయ్యను బాల్కనీ చివర కూర్చోబెట్టి, తాను వంటింట్లోంచి పద్యం చెప్పేది. వినిపించకపోతే ఆయన చెయ్యి ఎత్తాలి. నాలుగు రోజులు తిరిగేసరికి ఆయన చెయ్యి ఎత్తవలసిన పని లేకపోయింది. రెండో వారంలో ఆ కుర్రవాడు రావడం మానేశాడు. ఒప్పుకున్న డబ్బు ఇవ్వలేదని తరువాత తెలిసింది. పిల్లల దగ్గర తీసుకున్నది అతనికీ చేరలేదన్నమాట. అతని స్థానంలో నిర్వాహకుడే నిలబడి, ఫోనులో రికార్డు చేసిన పద్యం పెట్టి, పిల్లలను పెదవులు కదపమన్నారు.

పాపకు మాటలూ పద్యాలూ నోటికి వచ్చాయి. సరిగ్గా అప్పుడు మొదలైంది వసూలు.

ముందు దుస్తులకు 2,800. కిరీటం, భుజకీర్తులు, హారాలు, పట్టుపంచె డ్రెస్ కంపెనీ నుంచి అద్దెకు తేవాలట. రెండు రోజులాగి మేకప్‌కు 600. ఆ తరువాత ఒక్కో కుటుంబం తప్పనిసరిగా పది టికెట్లు తీసుకోవాలన్నారు, టికెట్టు 300. "అమ్ముకుంటే మీ డబ్బు మీకు వచ్చేస్తుందమ్మా, మీకు నష్టమేముంది?" అన్నారు. గాజువాక నుంచి మా ఆడపడుచు పిల్లలతో సహా నాలుగు టికెట్లు తీసుకుంది. "అన్నయ్య ఇంటికి వస్తూ టికెట్టు కొనడం ఇదే మొదటిసారి వదినా" అంది. నవ్వుతూనే అంది, కానీ నేను తలెత్తుకోలేకపోయాను. మిగిలిన ఆరూ మా దగ్గరే ఉన్నాయి. ఫొటోలకు, వీడియోకు 1,800. జ్ఞాపికకు, ప్రశంసాపత్రానికి 450. ఏ ఒక్కదానికీ రసీదు లేదు. దుస్తుల డబ్బు జీఎస్టీతో కలిపి అన్నారు కదా, ఆ నంబరు ఇవ్వండి అని అడిగితే "మా ఆడిటరు చూసుకుంటారు" అన్న జవాబు వచ్చింది. ఎవరైనా జీఎస్టీ పేరు ఎత్తితే 15 అక్షరాల నంబరు అడగండి. మన రాష్ట్రంలో నమోదైనదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది.

మరి ఎందుకు కట్టుకుంటూ పోయావు అని మీరు అడగవచ్చు. మా ఆయనా అదే అడిగారు. టికెట్ల సంగతి తెలిసిన రాత్రి, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా, "ఇక ఒక్క రూపాయి కట్టవద్దు, మానిపించు" అన్నారు. పక్క గదిలో స్తంభం ముందు చెప్పే పద్యం వినిపిస్తున్నది కాస్తా సగంలో ఆగిపోయింది. కాసేపు చూశాము, మళ్లీ మొదలు కాలేదు. మర్నాడు పొద్దున్నే 3,000 పంపాను.

వాళ్ల వ్యాపారమంతా ఈ ఒక్క కీలు మీదే తిరుగుతోంది. మొదటి రోజే 15,150 అని చెబితే సగం మంది వెనక్కి పోతారు. పిల్లకు పాత్ర ఒంటబట్టిన తరువాత ముక్కలు ముక్కలుగా అడిగితే ఒక్కరూ పోరు. పాప పద్యం నేర్చుకున్న రోజు నుంచి బేరం మన చేతిలో ఉండదు. కాబట్టి అడగవలసినవన్నీ అంతకుముందే అడగాలి.

ప్రదర్శనకు మూడు రోజుల ముందు దుస్తుల కొలతలకు పిలిచారు. అక్కడ ఒక తల్లి పరిచయమై, "మా బాబు ప్రహ్లాదుడండీ" అంది. నేను మా పాప కూడా అన్నాను. వెనక నుంచి ఇంకొకావిడ తిరిగి చూసింది. లెక్క తేలేసరికి నలుగురు ప్రహ్లాదులు. నలుగురు తల్లులకూ ఫోనులో చెప్పింది ఒకే మాట, "నాకు ప్రహ్లాదుడు దొరికాడు" అని! రంగానికొక ప్రహ్లాదుడట. గురుకులంలో ఒకడు, తండ్రి ఒడిలో ఒకడు, ఏనుగు ముందు ఒకడు, స్తంభం దగ్గర ఒకడు. మా పాప వాటా ఏనుగు. నేర్చుకున్న పద్యాల్లో ఆ రంగంలో వచ్చేది ఒక్కటి. చూసేవాళ్లకు రంగం మారినప్పుడల్లా ప్రహ్లాదుడు ఒకసారి పొడవై, ఒకసారి పొట్టివాడై, రెండుసార్లు ఆడపిల్ల అయ్యాడు.

హాలు సంగతీ ఇంతే. కరపత్రం మీద అందరికీ తెలిసిన పెద్ద హాలు బొమ్మ ఉంది. రెండు రోజుల ముందు, వానల వల్ల వేదిక మార్చామంటూ ఒక కల్యాణ మండపం చిరునామా పంపారు. అక్టోబరు వాన అంటే విశాఖవాళ్లకు నవ్వులాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను కళ్లారా చూసినవాళ్లం. అందుకని ఎవరమూ మారు మాట్లాడలేదు. "హాలుకు పైకప్పు ఉంటుంది కదా, వానకు భయమేమిటి?" అని మామగారు ఒక్కరే అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకున్నాము. పండగయ్యాక ఆ పెద్ద హాలు కార్యాలయానికి వెళ్లి అడిగితే, ఆ తేదీ వీళ్ల పేరున ఎప్పుడూ లేదని చెప్పారు. కళాభారతి అయినా, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం అయినా, కరపత్రం మీద ఏ హాలు పేరుంటే ఆ హాలుకు డబ్బు కట్టక ముందే వెళ్లి అడగండి. ఐదు నిమిషాల పని.

ఇక ప్రదర్శన రోజు. పిల్లలందరూ ఉదయం పదింటికల్లా ఉండాలన్నారు. పదకొండు గంటలకు ముఖాలకు రంగు పూశారు. నాటకం సాయంత్రం ఆరింటికి అని టికెట్టు మీద ఉంది. మధ్యాహ్నం పిల్లలకు పెట్టింది ఒక్కో పులిహోర పొట్లం, అదీ రంగు చెరిగిపోతుందని స్పూనుతో తినమన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడూ నలభై. ఆ తరువాత జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు. ఎంతమందికి కప్పారో లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర మానేశాను. వాళ్లలో కొందరు విరాళం ఇచ్చి శాలువా కప్పించుకున్నారని పక్కన కూర్చున్నాయన చెప్పారు. అది నిజమో కాదో నాకు అనవసరం. నా బాధ మాత్రం తెర వెనక కునికిపాట్లు పడుతున్న ముప్పై మంది పిల్లల గురించి. తెర లేచింది రాత్రి ఎనిమిదీ యాభైకి. మా పాప వేదిక మీద ఉన్నది నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాలూ బాగా చేసింది. రికార్డు మధ్యలో ఆగిపోతే, పెదవులు కదపడం మాని సొంత గొంతుతో పద్యం పూర్తి చేసింది. చివరి వరుసలో మామగారు చెయ్యి ఎత్తలేదు. నరసింహుడు వచ్చే స్తంభం మాత్రం ఫ్లెక్సీ మీద ముద్రించినది. దాన్ని చీల్చుకుని రావలసిన స్వామి పక్కనుంచి చుట్టు తిరిగి వచ్చాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం వాళ్లు, విద్యుత్తు లేని రోజుల నుంచీ మాయలూ మంత్రాలూ కళ్లముందు నిలబెట్టిన నేల ఇది. 300 రూపాయల టికెట్టుకు ఒక అట్ట స్తంభమైనా పగలకపోతే ఎలా?

ఇంటికి వచ్చి చూస్తే నుదుటి మీద ఎర్రటి గాటు. పెద్దవాళ్ల కిరీటాన్ని పురికొసతో బిగించి కట్టారు. రంగు తీయడానికి కొబ్బరినూనె కూడా లేదు, తడి కాగితాలు ఇచ్చి రుద్దుకోమన్నారు. బుగ్గల మీద దద్దుర్లు తగ్గడానికి ఐదు రోజులు పట్టింది. మామగారు ఆ రాత్రి అన్నం తినలేదు. "మా ఊళ్లో ముందు లోహితాస్యుడికి అన్నం పెట్టేవారు, ఆ తరువాతే ముఖానికి రంగు. కాటి రంగం వచ్చేదాకా నన్ను దుప్పటి కప్పి పడుకోబెట్టేవారు. ఆడేవాళ్లు కూలి చేసుకునేవాళ్లు, చదువుకున్నవాళ్లు కూడా కాదు" అన్నారు.

సినిమాల్లో, సీరియళ్లలో చేసే బాల కళాకారుల విషయంలో కేంద్రం 2017లో నిబంధనలు సవరించింది. పిల్లల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. ఆ నిబంధన సంపాదించే పిల్లల కోసం రాసినది. డబ్బు పుచ్చుకుని నటించే పిల్లకే 5 గంటలైతే, డబ్బు కట్టి నటించే పిల్లకు 12 గంటలా? రిహార్సల్‌కు ఎన్ని గంటలు, ప్రదర్శన రోజు పిల్లలు ఎప్పుడు రావాలి, భోజనం ఎవరిది, సన్మానాలు నాటకానికి ముందా తరువాతా, ఇవన్నీ మొదటి రోజే అడగండి. చివరి ప్రశ్నకు నవ్వుతారు. నవ్వినా అడగండి.

పాత్ర ఏమిటో, ఏ ఏ రంగాల్లో ఉంటుందో, మొత్తం ఖర్చు ఎంతో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఫోనులో ఎంత తీయగా చెప్పినా, "అదే ఒక్క ముక్క రాసి పంపండి సార్" అనండి. సరైనవాళ్లయితే పంపుతారు. నేర్పే మాస్టారు ఎవరో చూసి, ఒక సాయంత్రం రిహార్సల్ దగ్గర కూర్చోండి. ఆయన చివరిదాకా ఉంటారా అని ఆయననే అడగండి.

వీడియో ఇప్పటికీ రాలేదు. రెండు వారాలు తిరిగి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు సంఖ్య వచ్చిన మూడో రోజున నిర్వాహకుడు ఫోను చేసి, తన మంచితనం కొద్దీ అంటూ వీడియో డబ్బు 1,800 వెనక్కి పంపారు. మిగతా సొమ్ముకు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళుతున్నాము. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు లేకపోయినా ఫరవాలేదు, రెండేళ్ల లోపు వేయవచ్చు. రసీదు లేదని మొదట భయపడ్డాను. చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, నాటకం పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశాలు, ఆ కరపత్రం, అమ్ముడుపోని ఆరు టికెట్లు జత చేశాము. ఆ గ్రూపులో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఏదీ చెరిపేయకండి.

మిగతా ముగ్గురు ప్రహ్లాదుల తల్లిదండ్రులూ మాతో పాటు సంతకం పెట్టారు. హిరణ్యకశిపుడి నాన్నగారు ఇంకా ఆలోచిస్తున్నారు.