కొబ్బరిచెట్టు ఎత్తు తేలాలంటే నీడా? కోణమా? ఏది మేలు?

మా పెరట్లో కొబ్బరిచెట్టు ఎత్తెంతో ఎక్కకుండా చెప్పాలి. టెన్త్ చదివే మా అబ్బాయికిచ్చిన ప్రాజెక్టు ఇది. పైథాగరస్‌ను అడిగి లాభం లేదు, రెండు భుజాలు తెలిస్తేనే ఆయన మూడోది చెబుతాడు. టేపుతో మనం కొలవగలిగింది నేల మీది దూరం ఒక్కటే.

ముందు నీడతో చూశాం. మీటరు కర్రను నిలువుగా పాతితే 80 సెంటీమీటర్ల నీడ పడింది. అదే సమయానికి చెట్టు నీడ 12 మీటర్లు. రెండూ సరూప త్రిభుజాలు (పరిమాణం వేరైనా ఆకారం ఒకటే) కాబట్టి 12ను 0.8తో భాగిస్తే 15 మీటర్లు. టాన్ (ఎత్తును నేల మీది దూరంతో భాగిస్తే వచ్చే, కోణాన్ని బట్టి మారే విలువ) లేదు, దాని పట్టికల్లేవు, హాయి. కానీ సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అరడిగ్రీ వెడల్పున్న బిళ్ల. అంత ఎత్తు నుంచి పడే నీడ కొస 20 సెంటీమీటర్ల మేర మసకబారిపోతుంది. పైగా మట్టల నీడల్లో చెట్టు కొస ఏదో పోల్చుకోవాలి. నేల కాస్త పల్లమైతే లెక్క తప్పుతుంది. మబ్బు పట్టిందా, ఆ పూటకి పని బందు.

కోణానికి ఎండతో పనిలేదు. కోణమానినికి స్ట్రా అంటించి, మధ్యలో దారంతో చిన్న రాయి వేలాడదీస్తే చాలు. స్ట్రాలోంచి చెట్టు కొసను చూసి దారం ఎక్కడ ఆగిందో చదవాలి. దారం 60 దగ్గర ఆగితే ఊర్ధ్వకోణం, అంటే చూపు నేలమట్టం నుంచి పైకి లేచిన కోణం, 60 కాదు, 90లోంచి తీసేయగా మిగిలిన 30. చిన్నప్పుడు ఇది మరిచిపోయి, 10 మీటర్ల దూరం నుంచి చూసిన బడి జెండాకర్ర ఎత్తు దాదాపు 19 మీటర్లని రాసిచ్చాను. నిజానికి అది 7 మీటర్ల పైచిలుకు!

ఎక్కడ నిలబడాలన్నదే అసలు కిటుకు. కోణం 45 అయ్యేదాకా వెనక్కి నడవండి. అక్కడ టాన్ విలువ 1, కాబట్టి చెట్టు దాకా ఉన్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు. మాకు దూరం 13.5, కంటి ఎత్తు 1.5, మొత్తం 15. ఇక్కడ ఒక డిగ్రీ తప్పు చదివినా తేడా అరమీటరు లోపే. ఆ దూరంలో మూడో వంతులో నిలబడినా, మూడు రెట్లు దూరం వెళ్లినా అదే డిగ్రీ తప్పు 80 సెంటీమీటర్లకు చేరుతుంది. అందుకే నా ఓటు 45కే.

“చెట్టు కాలవ అవతల ఉంటే ఎలా నాన్నా?” అన్నాడు వాడు. అప్పుడు ఒకచోట 45, అక్కడి నుంచి 10 మీటర్లు వెనక్కెళ్లి 30 చూసి లెక్క కట్టొచ్చు, కంటికి పైన 13.7 మీటర్లు వస్తుంది. పరీక్షలో ముచ్చటైన లెక్కే. కానీ ఆ 30ని 29 అని చదివితే 12.4కి పడిపోతుంది, అంటే మీటరుకు పైగా తేడా. దగ్గర్లో వంతెన ఉంటే నేనైతే టేపు పట్టుకుని అటు నడిచే వెళ్తాను.