నీరు నిలిచే పెద్ద పెరటికి వీపింగ్ విల్లోనా, రివర్ బర్చా?

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో విశాలమైన పెరడున్నవారికి, పల్లపు చోట ఏ చెట్టు నాటాలన్న సందేహం తరచూ వస్తుంది.

అందం: విల్లో కొన్నేళ్లలోనే నేలను తాకే కొమ్మలతో నీడనిస్తుంది, బర్చ్ సొగసంతా పొరలుపొరలుగా లేచే బెరడులో ఉంది.

ఖర్చు: విల్లో కొమ్మను తడిమట్టిలో గుచ్చితే చాలు, వేళ్లూనుతుంది, బర్చ్‌ను సాధారణంగా నర్సరీలో కొనవలసిందే.

శ్రమ: విల్లో కింద రాలిన పుల్లలు ఏరుతూనే ఉండాలి.

ముప్పు: విల్లో వేళ్లు తేమను వెతుక్కుంటూ, పగుళ్లున్న మురుగు గొట్టాల్లోకి చొరబడి వాటిని పూడ్చేస్తాయి; మెత్తని కలప కావడంతో కొమ్మలు మంచు బరువుకు విరుగుతాయి. అందుకే ఇంటి నుంచీ సెప్టిక్ ట్యాంకు నుంచీ విల్లో కనీసం 50 అడుగుల దూరంలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. బర్చ్‌కు సున్నపు నేల పడదు, ఆకులు పసుపెక్కుతాయి.

చెరువుగట్టూ, చుట్టూ ఖాళీ స్థలమూ ఉంటే విల్లో నాటండి; గొట్టాలు దగ్గరగా పోతుంటే బర్చే మేలు.