ఆర్క్ బీ580 గ్రాఫిక్స్ కార్డు: 1440పీ మానిటర్‌కి సరిపోతుందా?

కంప్యూటర్ విడిభాగాలు దొరికే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లేముందు ఒక లెక్క: 1080పీ తెరలో 20.7 లక్షల పిక్సెళ్లు (చుక్కలు), 1440పీ తెరలో 36.9 లక్షలు. కార్డుకు పని అంత పెరుగుతుంది.

ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ, 192-బిట్ బస్ (మెమరీకి డేటా వెళ్లే దారి). పోటీ కార్డు ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060లో 8 జీబీ, 128-బిట్. ఆటలో టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) అల్ట్రాలో పెడితే తేడా బయటపడుతుంది. మెమరీ నిండిన కార్డులో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది గానీ, కెమెరా తిప్పగానే ఆట ఒక్క క్షణం ఆగి కదులుతుంది. 1440పీకి నా ఓటు బీ580కే.

కానీ పాత ప్రాసెసరు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి. దీని డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసరు మీద వేసే భారం ఎక్కువ. ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసరుతోనే కొన్ని ఆటల్లో వెనకబడుతుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్) ఆపి, ‘ఎబోవ్ 4జీ డీకోడింగ్’, ‘రీసైజబుల్ బార్’ (ప్రాసెసరుకు కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసేవి) రెండూ ఆన్ చేయాలి, లేకపోతే వేగం బాగా పడిపోతుంది. విండోస్ ఎంబీఆర్ (డిస్కును విభజించే పాత పద్ధతి) డిస్కులో ఉంటే సీఎస్‌ఎం తీయగానే బూట్ కాదు. ముందే కొత్త పద్ధతి జీపీటీకి మార్చుకోండి.

మానిటర్ని డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో కలపండి. విండోస్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో) చూడండి; చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది. 144 హెర్ట్జ్ మానిటర్‌కి డబ్బు కట్టి 60లో ఆడేవాళ్లు తక్కువేం కాదు. డెడ్ పిక్సెళ్లు (పాడైన చుక్కలు) మాత్రం కౌంటర్ దగ్గరే తెల్ల, నల్ల తెరలు పెట్టించి చూసుకోండి.